రెండు గళ్ల బంటు: పటాన్‌చెరు ప్రాంతంలో చదరంగం

తెల్ల రాజు ముందున్న బంటు రెండు గళ్లు ముందుకు వస్తుంది. నల్ల బంటు కూడా రెండు గళ్లు వచ్చి దాని ఎదుట నిలబడుతుంది. తర్వాత రెండు వైపులా గుర్రాలు దిగుతాయి, ఆ వెనకే తెల్ల శకటు ఏటవాలుగా నడిబల్ల దాకా వస్తుంది. ఇటాలియన్ ఆట అనే ప్రారంభం ఇంతే. పుస్తకాల లెక్కలో రాస్తే ఇ4, ఇ5, గుర్రం ఎఫ్3, గుర్రం సి6, శకటు సి4. సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు ఏ బడి హాల్లోనో ఆదివారం పోటీ పెడితే, రేటింగు లేనివాళ్లు, కొత్తగా తెచ్చుకున్నవాళ్లు కూర్చునే వెనక బల్లల మీద ఈ అమరిక తప్పక కనిపిస్తుంది. కోచింగులో పిల్లలకు మొదట నేర్పేదీ ఇదే.

తెలుగు ఊళ్లలో అరుగుల మీద తరాలుగా ఆడిన చదరంగంలో మాత్రం ఈ ప్రారంభానికి చోటు లేదు. అక్కడ బంటు మొదటి ఎత్తుకైనా ఒక్క గడే నడిచేది. ఆ ఒక్క గడి తేడా ఆట నడకనే మార్చేసింది. ఈ ప్రాంతపు చదరంగ చరిత్ర చాలావరకు ఆ మార్పు చరిత్రే.

పటాన్‌చెరుకు పాత పేరు పొట్టలకెరె. కల్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడు 11వ శతాబ్దం తొలి సగంలో ఇక్కడి నుంచి పాలించినట్టు శాసనాలు చెబుతాయి. ఇప్పుడు ఫ్యాక్టరీల గొట్టాలు కనిపించే చోట అప్పుడు రాజధాని, దాని పక్కన పెద్ద జైన కేంద్రం ఉండేవి. ఆ వంశంలోనే మూడు తరాల తర్వాత వచ్చిన మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం రాశాడు. రాజ్యపాలన, వంటలు, ఏనుగుల పెంపకం, సంగీతం అన్నీ ఉన్న ఆ విజ్ఞాన సర్వస్వంలో రాజుల కాలక్షేపాల భాగం ఒకటి ఉంది. చదరంగం అందులో చేరింది. సోమేశ్వరుడి రాజధాని కల్యాణం, అంటే నేటి బసవకల్యాణ్, పటాన్‌చెరు మీదుగా పోయే ముంబై రహదారికి ఎంతో దూరంలో లేదు. ఒక రాజు బల్ల పరిచి ఆటను శాస్త్రంగా రాసిపెట్టడం ఈ నేలకు బాగా దగ్గరలోనే జరిగిందన్నమాట.

ఆ ఆట నేటి ఆట కాదు. నాటి మంత్రి ఏటవాలుగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. నేడు బల్లంతా ఊడ్చేసే మంత్రి అప్పట్లో రాజు పక్కన నిలబడే బలహీనుడు. నేటి శకటు స్థానంలో ఉన్న పావు కూడా దూరం పోలేకపోయేది. ఆట నెమ్మదిగా సాగేది, రెండు సైన్యాలు ఎదురుపడేసరికే చాలా ఎత్తులు పట్టేవి. పావుల పేర్లు కూడా కాలక్రమంలో తారుమారయ్యాయి. మూల గడిలో రథాన్ని నిలిపే ఆచారం ఒకటుంటే, తెలుగువాళ్ల బల్ల మీద ఆ మూలలో ఏనుగు నిలిచింది. బండి వచ్చి శకటు పేరుతో రాజు, మంత్రుల పక్కన చేరింది. ఉత్తరాదివాళ్లు అదే పావును ఒంటె అంటారు, ఇంగ్లీషువాళ్లు మతగురువు అంటారు. బండి చక్రాలు నిలువుగా కదా పోవాలి, ఏటవాలుగా ఎలా పోతాయని అడిగిన పిల్లవాడికి సమాధానం చెప్పగలిగిన పెద్దవాళ్లు తక్కువ.

ఆటను వేగవంతం చేసిన మార్పు 15వ శతాబ్దం చివర స్పెయిన్, ఇటలీ దేశాల్లో వచ్చింది. మంత్రికి, శకటుకు నేటి బలం అప్పుడే దక్కింది. వెలెన్సియా నగరంలో 1475 ప్రాంతంలో రాసిన ఒక పద్యకృతిలో కొత్త నియమాల ఆట కనిపిస్తుంది; లుసేనా అనే రచయిత 1497లో సలమాంకాలో అచ్చువేసిన పుస్తకంలో పాత, కొత్త పద్ధతులు రెండూ ఉన్నాయి. బంటు మొదటి ఎత్తుకు రెండు గళ్లు నడవడం ఐరోపాలో అంతకుముందే మొదలైంది. రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరిగి కోట కట్టుకోవడం ఆ తర్వాత మెల్లగా స్థిరపడింది. ఈ మూడూ కలిసేసరికి పదో ఎత్తుకే రాజు ప్రాణం మీదికి రావడం మామూలైంది. ఆట ఎలా మొదలుపెట్టాలన్నది అప్పటినుంచి చదువుకోవలసిన విషయమైంది. మొదట్లో చేసిన తప్పుకు మధ్యలో దిద్దుబాటు ఉండే రోజులు పోయాయి.

ఇటాలియన్ ప్రారంభం ఆ భయంలోంచి, ఎదుటి రాజును త్వరగా పడగొట్టాలన్న ఆశలోంచి పుట్టింది. ఎదుటి రాజు పక్కన ఉన్న ఎఫ్7 గడికి మొదట్లో రాజు తప్ప వేరే కాపలా లేదు. సి4లో నిలిచిన శకటు చూపు సూటిగా ఆ గడి మీదే. పోర్చుగీసు దమియానో 1512లో రోములో అచ్చువేసిన పుస్తకం, స్పెయిన్ మతగురువు రుయ్ లోపెజ్ 1561 నాటి పుస్తకం ఇలాంటి ప్రారంభాలను చర్చించాయి. వాటికి ప్రాణం పోసినవాడు ఇటలీ దక్షిణ ప్రాంతం కలాబ్రియాకు చెందిన జోకినో గ్రెకో. 1620ల ప్రాంతంలో దేశదేశాలు తిరుగుతూ, ఆశ్రయమిచ్చిన దొరలకు ఆటల రాతప్రతులు బహుమతిగా ఇస్తూ బతికిన మనిషి. ఆయన ఆటల్లో తెల్లవైపు సి3 బంటు జరిపి, వెంటనే డి4తో నడిబల్లను చీల్చుతుంది. నల్లవైపు ఆశపడి బంట్లు, ఏనుగు తింటూ పోతుంది. ఇరవై ఎత్తులు తిరగకుండానే ఆటకట్టు. నల్లవైపు అంత తిండిపోతుతనం నిజంగా ఎవరైనా చూపించారా, గ్రెకో పాఠం కోసం కల్పించాడా అన్న అనుమానం పండితులకు ఉంది. వెనక బల్లల మీద కూర్చున్న ఔత్సాహికులకు ఆ అనుమానం రాదు. వాళ్ల ప్రత్యర్థులు నిజంగానే అలా తింటారు.

తెలుగునాట అరుగు చదరంగం ఇదంతా పట్టించుకోకుండా తన దారిన తాను సాగింది. మంత్రి, శకటుల కొత్త బలం ఇక్కడికీ వచ్చింది గానీ తక్కిన నియమాలు వేరుగానే ఉండిపోయాయి. బంటుకు ఒక్క గడే. కోట కట్టడం లేదు. బదులుగా రాజు, షా పడకముందు ఒకే ఒక్కసారి, గుర్రంలా దూకవచ్చు. రెండు రాజులు ఎదురెదురుగా నిలవవు, ఒకరి రాజుకు ఎదుట అవతలివాడి మంత్రి ఉంటాడు. బంటు అవతలి అంచు చేరితే ఆ నిలువు వరుసలో మొదట ఏ పావు ఉండేదో ఆ పావుగానే పుడుతుంది. కొన్నిచోట్ల మొదట్లో సరిహద్దు దాటకుండా నాలుగైదు ఎత్తులు ఒకేసారి వేసుకునే ఆచారమూ ఉండేది. ఊరు మారితే ఒకటి రెండు నియమాలు మారేవి. పొరుగూరి నుంచి వచ్చినవాడితో ఆడేముందు ఒప్పందం చేసుకోవడం, ఆట మధ్యలో ఆ ఒప్పందం మీద తగువు పడటం మామూలే. భాషలో ఈ ఆట ఎంత లోతుగా దిగిందంటే, బల్ల ముఖం చూడనివాళ్లు కూడా ‘ఎత్తుకు పై ఎత్తు’ అంటారు, రాజకీయ నాయకుడి ‘ఆటకట్టు’ అంటారు, ‘నన్ను పావుగా వాడుకున్నారు’ అని వాపోతారు.

దేశీ ఆటకూ ఐరోపా ఆటకూ మధ్య మొదటి వంతెనల్లో ఒకటి దక్షిణాది పండితుడు వేసినదే. తిరువేంగడాచార్య శాస్త్రి పీష్వాల కాలంలో చదరంగం మీద సంస్కృతంలో రాసిన గ్రంథం, ఐరోపా పద్ధతికి అనుగుణంగా మార్చిన ఇంగ్లీషు రూపంలో 1814లో బొంబాయిలో అచ్చయింది. పేరులో తిరుమల కొండను మోసుకుపోయిన ఈ పండితుడికి దొరల ఆట, దేశవాళీ ఆట రెండూ తెలుసు. ఆయన పుస్తకానికి దక్కవలసినంత పేరు దక్కలేదు.

రెండో వంతెన కలకత్తాలో. బారిస్టరు జాన్ కాక్రేన్ 19వ శతాబ్దం మధ్యలో అక్కడ మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీతో వందలాది ఆటలు ఆడాడు. కాక్రేన్ ఇటాలియన్ తరహాలో దూకుడుగా వస్తే బెనర్జీ బంట్లను ఒక్కో గడి జరిపి, శకటును జి7 మూలలో దాచి, నడిబల్లను అవతలివాడికి వదిలేసి ఆ తర్వాత దాన్ని పొడిచేవాడు. దేశీ ఆటలో బంటు ఒక్క గడే నడుస్తుంది కాబట్టి ఆ అలవాటు కొత్త నియమాల్లోకీ వచ్చింది. లండన్ పండితులకు అప్పుడది వింతగా తోచింది. 20వ శతాబ్దంలో అదే అమరిక కింగ్స్ ఇండియన్, గ్రున్‌ఫెల్డ్ వంటి పేర్లతో గ్రాండ్‌మాస్టర్ల ఆయుధమైంది. ‘ఇండియన్’ అన్న మాట ఆ వ్యూహాలకు అలా అంటుకుంది. పంజాబు నుంచి 1929లో ఇంగ్లండు వెళ్లిన మీర్ సుల్తాన్ ఖాన్‌ది కూడా దేశీ ఆటలోనే తొలి పెంపకం. ప్రారంభాల పుస్తకజ్ఞానం లేకుండానే 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు, హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ ఛాంపియన్ కపబ్లాంకాను ఓడించాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో. అప్పటికి ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది.

అరుగు దిగి పోటీ బల్ల ఎక్కాలంటే నియమాలు ఒకటి కావాలి. అఖిల భారత చదరంగ సమాఖ్య 1951లో మద్రాసులో ఏర్పడింది. మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్ 1955లో జరిగిన ఊరు ఏలూరు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా ఉండగా మొదటి జాతీయ పోటీ గోదావరి జిల్లా ఊరికి రావడం ఆంధ్రలో ఈ ఆట ఎంత పాతుకుపోయిందో చెబుతుంది. విజేతలు ఇద్దరు సమానంగా నిలిచారు: ఆంధ్రకు చెందిన డి. వెంకయ్య, మహారాష్ట్రకు చెందిన రామచంద్ర సప్రే. చదరంగంలో భారతదేశపు తొలి జాతీయ విజేతల్లో తెలుగువాడు ఉన్నాడన్న సంగతి గ్రాండ్‌మాస్టర్లు హంపి, హరికృష్ణల తరంలో దాదాపు మరుగున పడింది. అప్పటికి సంగారెడ్డి, పటాన్‌చెరు వేరే రాష్ట్రంలో, హైదరాబాదు రాష్ట్రపు మెదక్ జిల్లాలో ఉన్నాయి; ఏలూరుతో ఒకే రాష్ట్రంలోకి వచ్చింది 1956 నవంబరు 1న. జాతీయ పోటీలు అంతర్జాతీయ నియమాలకు కుదురుకున్నాక, పోటీకి పోదలచినవాడు రెండు గళ్ల బంటును, కోటను నేర్చుకోక తప్పలేదు. మాన్యుయెల్ ఆరన్ 1961లో దేశపు తొలి ఇంటర్నేషనల్ మాస్టర్ కావడంతో ఆ మలుపు పూర్తయింది.

పటాన్‌చెరు వైపు మలుపు ఫ్యాక్టరీలతో వచ్చింది. రామచంద్రాపురంలో చెకోస్లోవేకియా సాంకేతిక సహకారంతో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం 1960లలో నిలబడింది. అదే జనం నోట్లో బీహెచ్‌ఈఎల్. పటాన్‌చెరులో 1972లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. ఆ దశాబ్దంలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరగసాగింది. బొల్లారం, పాశమైలారం, కాజిపల్లి, బొంతపల్లి ఒకదాని వెంట ఒకటి మందుల, రసాయనాల, ఇంజనీరింగు షెడ్లతో నిండాయి. ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది. ఆ తర్వాత ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం 1984లో వచ్చింది, భానూరులో క్షిపణుల కర్మాగారం వచ్చింది. జొన్న, కంది పండే నేలలో రెండు తరాల్లో లేచిన ఈ వాడకు ఉత్తరాంధ్ర నుంచి, కోస్తా నుంచి, ఒడిశా, బిహారుల నుంచి పనివాళ్లు, ఇంజనీర్లు వచ్చారు.

ప్రభుత్వరంగ కర్మాగారంతో పాటు టౌన్‌షిప్ వస్తుంది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, క్లబ్బు, ఆటల కోసం కొంత బడ్జెట్ దానిలో భాగం. బ్యాంకులు, రైల్వేలు, చమురు కంపెనీలు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చి జట్లు కట్టే పద్ధతి దేశమంతటా ఉంది. ఆరన్ ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకులో పనిచేశాడు, కోనేరు హంపి ఓఎన్‌జీసీ ఉద్యోగి. పేరుమోసిన ఆటగాళ్ల సంగతి అలా ఉంచితే, వార్షిక క్రీడల్లో క్యారమ్స్ పక్కన చదరంగం బల్ల వేయడం ఈ కర్మాగారాల సంస్కృతిలో ఓ మామూలు విషయం. దానికి ఖర్చు లేదు, మైదానం అక్కర్లేదు, దెబ్బలు తగలవు. సిబ్బంది విభాగానికి ఇంతకన్నా ఇష్టమైన ఆట ఉండదు. ఊళ్లో తాత దగ్గర ఒక్క గడి బంటుతో నేర్చుకుని వచ్చిన ఫిట్టర్, పుస్తకం చదివి నేర్చుకున్న ఇంజనీరు ఒకే బల్లకు ఇటూ అటూ కూర్చున్నది ఇలాంటి చోట్లే. ఇద్దరికీ ఉమ్మడి నియమం పుస్తకంలోనిదే.

ఫిషర్, స్పాస్కీ 1972లో రేక్యావిక్‌లో ప్రపంచ కిరీటం కోసం తలపడ్డాక చదరంగం దినపత్రికల మొదటి పేజీకెక్కింది. ప్రారంభాల పుస్తకాలకు గిరాకీ పెరిగింది. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి, ఎత్తులను రాసే లిపి కూడా వేరు: రాజు ముందరి బంటు నాలుగో గడికి అన్నదాన్ని ‘పీ–కే4’ అని రాసేవారు, నల్లవైపు అదే గడిని తన అంచు నుంచి లెక్కపెట్టేది. ఒకే గడికి రెండు పేర్లన్నమాట. ఫిడే 1981 నుంచి ఒక్క ఇ4 తరహా లిపినే గుర్తించింది. అప్పటికే పాత లిపిలో పాండిత్యం సంపాదించినవాళ్లు అటకెక్కించిన పుస్తకాలను ఆ తర్వాతి తరం చదవలేకపోయింది.

పోటీ ఆట అరుగు ఆటకు భిన్నమైనది మూడు విషయాల్లో: గడియారం, ఎత్తులు రాసుకునే కాగితం, ముట్టుకున్న పావునే ఆడాలన్న నియమం. అరుగు మీద వెనక్కి తీసుకోవడం ఉంటుంది, చుట్టూ చేరిన నలుగురు సలహా చెప్పడం ఉంటుంది, ఒక ఎత్తుకు అరగంట ఆలోచించే పెద్దమనిషీ ఉంటాడు. పోటీ హాల్లో మొదటి రెండూ నేరాలే, మూడోదానికి గడియారం ఒప్పుకోదు. పదిహేనేళ్లు అరుగు మీద ఓటమి ఎరగనివాడు మొదటి పోటీలో గడియారం నొక్కడం మరిచి ఓడిపోవడం ఆటగాళ్లందరూ చెప్పుకునే సంగతి.

ఎక్కువమందిని తక్కువ సమయంలో ఆడించడానికి స్విస్ పద్ధతి వాడతారు. ఇది 1895లో జ్యూరిక్‌లో మొదలైంది. ఓడినవాడు ఇంటికి పోనక్కర్లేదు. ప్రతి రౌండులోనూ సమాన పాయింట్లున్నవాళ్లను జతచేస్తారు. 200 మంది ఉన్నా, అన్నీ గెలిచేవాడు ఒక్కడే మిగలడానికి ఎనిమిది రౌండ్లు చాలు, ఎందుకంటే ప్రతి రౌండుకూ ఓటమి లేనివాళ్లు సగమవుతారు. అసలు ఔత్సాహికుడి ఆకర్షణ ఇక్కడే ఉంది: మొదటి రౌండులో పెద్ద ఆటగాడి చేతిలో చితికినా, నాలుగో రౌండుకల్లా తన ఈడుజోడు ఎదురవుతాడు.

కాలం లెక్క మాత్రం ఫ్యాక్టరీ మనిషికి అడ్డుపడుతుంది. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అదనం అన్న లెక్కలో 60 ఎత్తుల ఆట నాలుగు గంటలు పట్టవచ్చు. అలాంటివి తొమ్మిది ఆడాలంటే నాలుగైదు రోజుల సెలవు కావాలి. మూడు షిఫ్టుల్లో తిరిగే మనిషికి ఆ సెలవు పెళ్లికో చావుకో తప్ప దొరకదు. ఒకరోజు రాపిడ్ పోటీ దీనికి జవాబు. 15 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్లు అంటే అరవై ఎత్తులకూ నలభై నిమిషాలే. ఉదయం మొదలుపెడితే ఎనిమిది రౌండ్లు సాయంత్రానికి అయిపోతాయి. నైట్ షిఫ్టు దిగి నేరుగా హాలుకు వచ్చినవాడు మధ్యాహ్నం భోజనం తర్వాతి రౌండులో మంత్రిని ఊరికే వదిలేస్తే దానికి కారణం వేరే వెతకనక్కర్లేదు. రాపిడ్‌ను చిన్నచూపు చూసినవాళ్లున్నారు గానీ, హంపి 2019లో, మళ్లీ 2024లో గెలిచిన ప్రపంచ కిరీటాలు రాపిడ్‌వే.

ఔత్సాహికుడు అన్న మాటకు కూడా చరిత్ర ఉంది. ఫిడే పుట్టింది 1924లో పారిస్‌లో. అప్పుడే అక్కడ ప్రపంచ ఔత్సాహిక పోటీ జరిగింది, లాట్వియాకు చెందిన మాటిసన్స్ గెలిచాడు. 1928లో హేగ్ పోటీ గెలిచిన మాక్స్ యూవే లెక్కల మాస్టారు. ఏడేళ్ల తర్వాత అసలు ప్రపంచ ఛాంపియనే అయ్యాడు. ఆ రోజుల్లో ఔత్సాహికుడంటే ఆట మీద బతకనివాడు. ఇప్పుడు అర్థం మారి, రేటింగు ఒక గీత దాటనివాడు అని స్థిరపడింది. ప్రపంచ ఔత్సాహిక పోటీల్లో 2300, 2000, 1700 లోపు అని మూడు మెట్లున్నాయి. మన దేశంలో ‘బిలో 1600’ పోటీలు బాగా పట్టాయి.

రేటింగు లెక్క అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలోది; ఫిడే 1970లో స్వీకరించింది. 200 పాయింట్లు ఎక్కువున్నవాడు పది ఆటల్లో ఏడున్నర పాయింట్లు తెచ్చుకోవాలని దాని అంచనా. మొదట్లో 2200 లోపువాళ్లు ఆ పట్టికలోనే ఉండేవారు కాదు. ఆ గీత దిగుతూ దిగుతూ 2012 నాటికి 1000కి వచ్చింది, 2024 మార్చిలో మళ్లీ 1400కి లేచింది. ఎదిగే పిల్లలకు పాయింట్లు రెట్టింపు వేగంతో కదులుతాయి: వాళ్ల గుణకం 40, పెద్దవాళ్లది 20. తనకన్నా 200 తక్కువున్న పిల్లవాడి చేతిలో ఓడిన పెద్దాయన 15 పాయింట్లు పోగొట్టుకుంటాడు, పిల్లవాడు 30 సంపాదిస్తాడు. పిల్లవాడి అసలు బలం పట్టికలోని అంకెకన్నా ఎప్పుడూ ముందే నడుస్తుంది. పోటీ హాల్లో ఎనిమిదేళ్ల పాప ఎదుట కూర్చున్న నడివయసు ఉద్యోగి ముఖం బిగుసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ బల్ల మీద ఇటాలియన్ ఆట మూడు రకాలుగా సాగుతుంది. పూర్తిగా కొత్తవాళ్లు మంత్రిని వెంటనే బయటికి తీసి, నాలుగు ఎత్తుల్లో ఎఫ్7 మీద ఆటకట్టు చేయాలని చూస్తారు. అవతలివాడికి అది తెలిస్తే మంత్రి పరుగులు తీయాల్సి వస్తుంది. కొంత నేర్చినవాళ్ల ఆయుధం ‘ఫ్రైడ్ లివర్’. నల్లవైపు రెండో గుర్రాన్ని ఎఫ్6లో దింపినప్పుడు తెల్ల గుర్రం జి5కి వెళ్లి ఎఫ్7 మీద రెండో ఒత్తిడి పెడుతుంది. నల్ల బంటు డి5కి వచ్చి దారి మూస్తుంది, తెల్ల బంటు దాన్ని తింటుంది, నల్ల గుర్రం తిరిగి తింటుంది. అంతే, తెల్ల గుర్రం ఎఫ్7లో తనను తాను బలి ఇచ్చుకుని రాజును నడిబల్లకు లాగుతుంది. రోములో ఇటలీ ఆటగాడు పొలేరియో ఆడిన కాలం నుంచి ఉన్న పన్నాగమిది. దీని ఇటాలియన్ పేరుకు అర్థం కార్జం. నాలుగు శతాబ్దాలుగా విరుగుడు తెలుసు: బంటును తిరిగి తినకుండా గుర్రాన్ని ఎ5 అంచుకు జరిపి శకటును తరమాలి, ఒక బంటు పోతే పోనివ్వాలి. పోయిన బంటును తిరిగి తినకుండా ఉండటం ఔత్సాహికుడికి మహా కష్టం. చేతికందింది వదులుకోవడం అరుగు మీద ఎవరూ నేర్పలేదు.

మూడోది నెమ్మది దారి. తెల్లవైపు డి3 అంటూ బంటును ఒక్క గడే జరిపి, సి3 వేసి, కోట కట్టి, గుర్రాన్ని వెనక నుంచి తిప్పి తెస్తుంది. ఇటాలియన్లు దీన్ని ‘పియానిస్సిమో’ అన్నారు, బాగా మెల్లగా అని. పండితులు చాలాకాలం దీన్ని పసందులేని ఆటగా కొట్టిపారేశారు. లండన్‌లో 2000లో ప్రపంచ కిరీటం పోరులో క్రామ్నిక్ రుయ్ లోపెజ్ ప్రారంభానికి బెర్లిన్ రక్షణ వాడి కాస్పరోవ్‌ను నిలువరించాక లెక్కలు మారాయి. ఆ గోడను పగలగొట్టలేక గ్రాండ్‌మాస్టర్లు 2010ల నుంచి ఈ మెల్లని ఇటాలియన్‌కే తిరిగి వచ్చారు. పటాన్‌చెరు బడిలో మూడో తరగతి పాపకు నేర్పే మొదటి మూడు ఎత్తులు, వరంగల్‌లో పుట్టి 2024లో 2800 రేటింగు తాకిన అర్జున్ ఎరిగైసి స్థాయి పోటీల్లో వేసే మొదటి మూడు ఎత్తులు ఒకటే కావచ్చు. గమనిస్తే, పియానిస్సిమోలో తెల్లవైపు డి3, నల్లవైపు డి6: బెనర్జీ కలకత్తాలో నడిపినట్టే, తాతలు అరుగు మీద నడిపినట్టే, ఒక్క గడి బంటు.

హైదరాబాదులో 2002లో ఫిడే ప్రపంచ కప్ జరిగి ఆనంద్ గెలవడం, హరికృష్ణ, హంపి, హారిక వరసగా గ్రాండ్‌మాస్టర్లు కావడం ఈ వాడలోనూ కోచింగు గదులకు గిరాకీ పెంచాయి. టౌన్‌షిప్ క్లబ్బుల చోటు అపార్టుమెంట్లు, ప్రైవేటు బడులు, అకాడమీలు తీసుకున్నాయి. కంది దగ్గర ఐఐటీ వచ్చింది, 2016 అక్టోబరు 11న సంగారెడ్డి సొంత జిల్లా అయింది, జిల్లా స్థాయి ఎంపిక పోటీలకు కొత్త చిరునామా దొరికింది. పోటీ హాల్లో ఇప్పుడు ఆడేవాళ్లకన్నా బయట కుర్చీల్లో టిఫిన్ డబ్బాలతో కూర్చున్న తల్లిదండ్రులు ఎక్కువ. పనివాళ్ల ఆటగా మొదలైంది పిల్లల ఆటగా మారింది. మిగిలిన పెద్దవాళ్లు ఆ పిల్లల మధ్యే ఆడుతున్నారు.

దేశీ నియమాల్లో అన్నిటికన్నా ఆలస్యంగా వదిలింది బంటు పుట్టుక. ఏనుగు వరుసలో ఎక్కిన బంటు ఏనుగే కావాలి, మంత్రి బతికుండగా రెండో మంత్రి ఏమిటి అన్న పట్టింపు అరుగు మీద నేర్చిన పెద్దవాళ్లలో చాలాకాలం ఉంటుంది. అంతర్జాతీయ నియమంలో బంటు ఎనిమిదో గడి చేరితే మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం – ఏదైనా కావచ్చు, ఎన్నైనా కావచ్చు. డబ్బాలో మంత్రి మాత్రం ఒక్కటే ఉంటుంది. తొందరలో కొందరు చచ్చిన ఏనుగును తలకిందులుగా నిలబెట్టి దాన్నే మంత్రి అనుకోమంటారు. ఇంట్లో అది చెల్లుతుంది. పోటీలో తలకిందులుగా ఉన్నా ఏనుగు ఏనుగే. మంత్రి కావాలంటే గడియారం ఆపి ఆర్బిటర్‌ను అడిగి తెప్పించుకోవాలి.